వరస

దుప్పటి ఆరిందో లేదో స్టోరమ్మ అరచేత్తో చూడదు. అరచేతికి ఎప్పుడూ కాస్త చెమట ఉంటుంది, అది నిజం చెప్పదు. మడత మధ్యలోకి చెయ్యి దూర్చి, వేళ్ళ వెనకవైపు ఆనించి ఒక్క క్షణం ఉంచుతుంది. చల్లగా తగిలితే ఆరనట్టు. ఆ ఉదయం ప్రభుత్వాసుపత్రి స్టోర్సు గదిలో ఆమె ఒక కట్ట విప్పి అలా చెయ్యి పెట్టి ఉండగా ఒప్పందాల అధికారి లోపలికి వచ్చాడు.

అతను ఈ ఆసుపత్రికి కొత్త. సరుకులూ పనులూ అందించే కాంట్రాక్టర్లకి మార్కులు వేయడం అతని ఉద్యోగం. అతని కంప్యూటర్లో ఒక్కో కాంట్రాక్టరు పేరు పక్కన చుక్కలుంటాయి. సరుకు టైముకి గేటు దాటితే పచ్చ, దాటకపోతే ఎరుపు. అందుకని చాటున అందరూ అతన్ని పచ్చచుక్క సారు అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. ఇంతకన్నా చెడ్డ పేర్లు వేరే చోట్ల మోశాడు కాబట్టి ఊరుకున్నాడు.

"మేడమ్, ఒక్క మాట. లాండ్రీ ఆయన మీకు ఏమవుతారు?"

ఆమె దుప్పట్లోంచి చెయ్యి తీసింది. "ఏమవుతారంటే?"

"బంధుత్వం."

"ఏమీ అవరు."

"మీరు ఆయన్ని అన్నయ్యా అంటారట."

"అంటాను."

"ఆయన మిమ్మల్ని చెల్లెమ్మా అంటారు."

"మరి అక్కా అంటే నాకు కోపం రాదా సార్? ఆయన నాకన్నా పెద్ద."

అతను నవ్వబోయి మానుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పోయిన వారం తనిఖీ బృందం వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పాడు. దుప్పట్ల బండి లోపలికి వస్తుంటే ఆయనెవరని బృందంలో ఒకరు గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగారు. వాచ్‌మన్ లేచి నిలబడి, "స్టోరమ్మగారి అన్నయ్యండీ, మంచి మనిషి" అన్నాడు. బృందం నివేదికలో అది ఇంకోలా పడింది: స్టోర్సు పర్యవేక్షకురాలి సోదరుడికి లాండ్రీ కాంట్రాక్టు.

"వాచ్‌మన్ మాట పట్టుకునా?"

"మా మెస్సు ఆవిణ్ణి నేనూ పిన్నీ అంటాను మేడమ్. నాకు అర్థమవుతుంది. కానీ నివేదికలోకి ఎక్కాక అది పిలుపు కాదు, ఆరోపణ."

దారి ఒకటే ఉందన్నాడు. తమ మధ్య ఏ సంబంధమూ లేదని ఇద్దరూ రాసి సంతకాలు పెట్టాలి. లేకపోతే ఆయన పేరు నిషేధపు జాబితాలోకి పోతుంది. సంతకాలు పెట్టాక ఫోన్లుండవు, కలవడాలుండవు. ఏం చెప్పాలన్నా కంప్యూటర్లో పెట్టాలి.

"అయినా, ఫోన్లో ఏం మాట్లాడుకుంటారు మీరు?"

"దుప్పట్ల గురించి."

"దుప్పట్ల గురించి మాట్లాడడానికి ఏముంటుంది?"

"వాన పడితే ఉంటుంది సార్."

అతను కిటికీ వైపు చూశాడు. బయట ఎండ కాస్తోంది. "ఆయనకిప్పటికే రెండు ఎరుపులు పడ్డాయి" అన్నాడు లేస్తూ. "మూడోది పడితే ఈ సంతకం కూడా కాపాడదు. నెలాఖరుకి కాంట్రాక్టు పొడిగించాలి. అది మాత్రం గుర్తుంచుకోండి."

ఆ రెండు ఎరుపులూ వాన పడ్డ రోజులవే. ఆమెకి తెలుసు. ముసురు పట్టిందంటే తెల్లవారుతూనే ఆయన ఫోన్ చేసేవాడు. "చెల్లెమ్మా, డాబా మీద తీగలు పనికిరావు. ఆరబెట్టే మిషను ఒకటే. ఏది ముందు కావాలి?" ఆమె ఆ రోజు ఎన్ని ఆపరేషన్లున్నాయో కనుక్కుని చెప్పేది. థియేటరువి ముందు, ప్రసూతి వార్డువి తరవాత, మిగతావి మధ్యాహ్నం. ఆయన అలాగే తెచ్చేవాడు. కొన్ని ఆలస్యంగా వచ్చేవి గాని తడివి ఒక్కటీ వచ్చేది కాదు. గేటు దగ్గర టైము చూసి చుక్క వేసే మిషను పెట్టేదాకా ఆ ఆలస్యాన్ని లెక్క పెట్టినవాళ్ళు లేరు.

సంతకాలకి మర్నాడు పిలిచారు. లాండ్రీ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చేతులు పొడిగానే ఉన్నాయి. తుడుచుకోవడం అలవాటు. ఆవిరికి వేళ్ళ కొసలు ముడతలు పడి తెల్లగా ఉంటాయి. అధికారి ఇచ్చిన కాగితాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుని చదివాడు.

"ఎలాంటి సంబంధమూ లేదు, అని ఉంది సార్."

"అవును."

"ఇన్నేళ్ళుగా సంబంధం లేకుండానే దుప్పట్లు వస్తున్నాయా అని రేపు ఎవరైనా అడిగితే?"

"బంధుత్వ సంబంధమండీ. దాని ఉద్దేశం అది."

"అయితే ఆ మాటే రాయొచ్చుగా."

"ఇది అందరికీ ఒకటే నమూనా. మందుల వాళ్ళకీ ఇదే, లిఫ్టు వాళ్ళకీ ఇదే. మార్చడానికి లేదు."

ఆయన స్టోరమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఆయన దగ్గర పని చేసే ఆడవాళ్ళని ఆమె ఎరుగును. ఆసుపత్రి పని పోతే వాళ్ళని పెట్టుకోవడానికి ఆయన దగ్గర హోటళ్ళ పని లేదు, ఎప్పుడో వదులుకున్నాడు. "పెట్టండి" అందామె. ఏ వరసా లేకుండా. ఆయన పెట్టాడు. ఆమె కింద పెట్టింది. అధికారి ఊపిరి వదిలి, ఇద్దరికీ చెరో నకలు ఇచ్చాడు.

గుమ్మం దగ్గర లాండ్రీ ఆయన ఆగాడు. "వస్తాను చె..." అని, మాట మింగేసి, "వస్తాను మేడమ్" అన్నాడు.

ఇంటికి వెళ్ళాక స్టోరమ్మ సంతకాల సంగతి అత్తగారికి చెప్పింది. అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఉతికిన బట్టల్లోంచి మేజోళ్ళకి జతలు వెతుకుతోంది.

"ఏమీ కాడని రాసిచ్చావా?"

"ఏమీ కాడు గదా అత్తయ్యా."

"నాకేం తెలుసు. నువ్వు ఫోన్లో అన్నయ్యా అన్నయ్యా అంటుంటే మీ పెదనాన్న కొడుకేమో అనుకున్నాను. ఒక్కసారీ భోజనానికి పిలవలేదేం ఇది అని మనసులో తిట్టుకున్నాను కూడా."

హాల్లో కుర్చీలు జరుపుతున్న భర్త నవ్వాడు. "తనిఖీ వాళ్ళు మన ఇంటికి రాకపోవడం మంచిదైంది. అమ్మ వాంగ్మూలం ఇచ్చేసేది."

"నవ్వకు" అంది అత్తగారు. జత దొరకని మేజోడు పక్కన పెట్టింది. "వరస కలుపుకోవడం నోటి పని. అది కాగితం మీద పెట్టి తెంపుతారా ఎవరైనా?"

భర్త హాలుకి అడ్డంగా తాడు కడుతున్నాడు. రేపటినుంచి వానలని రేడియోలో చెప్పారట.

చెప్పినట్టే పడ్డాయి. తెల్లవారేసరికి చూరు ధారగా కారుతోంది. స్టోరమ్మ ఫోను చేతికందేలా పెట్టుకుని తయారైంది. ఫోను మోగలేదు. మోగకూడదు కూడా. ఆమె ఆసుపత్రికి వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. ఆయన రాత్రే ఒక విన్నపం పెట్టాడు. 'వాన కారణంగా ఏవి ముందు కావాలో తెలుపగలరు.' దాని పక్కన 'ఒప్పంద మార్పుగా నమోదైంది, పై అనుమతి కోసం పంపబడింది' అని ఉంది. పై అనుమతి అంటే ముగ్గురు సంతకం పెట్టాలి. అందులో ఒకాయన సెలవులో ఉన్నాడు.

ఏడింటికి పావుగంట ముందే బండి వచ్చింది. గేటు దగ్గర మిషను పచ్చ చూపించింది. కట్టలు దించిన పనివాళ్ళు ఇవాళ బరువెక్కువ ఉందే అనుకున్నారు. ఆమె మొదటి కట్టలో చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది. రెండోది, మూడోది. థియేటరుదీ ప్రసూతిదీ మామూలు వార్డుదీ తేడా లేకుండా అన్నీ ఒకటే చలవ. ఎవరికీ అన్యాయం జరక్కుండా తడిని సమానంగా పంచినట్టుంది.

థియేటరు సిస్టరు తన కట్టని రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పడేసింది. "ఇదేంటి స్టోరమ్మా? వీటిని క్రిములు చంపే ఆవిరి పెట్టెలో పెడితే లోపలి మడతలు తడిగానే బయటికొస్తాయి. తడి గుడ్డ పరిచి పొట్ట కొయ్యమంటారా డాక్టరుగార్ని?"

"పాతవేమైనా..."

"ఉన్నవి అత్యవసరానికి ఉంచాలి. ఇవాళ్టి ఆపరేషన్లు ఆపేశాం. మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యండి."

"ఆయన నా అన్నయ్య కాదు."

సిస్టరు ఆమె ముఖంలోకి చూసింది. "సరే. కానివాడికే చెయ్యండి."

ఆపరేషన్ ఆగినవాళ్ళలో తుంటి విరిగిన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయన భార్య నడవాలో స్టోరమ్మని ఆపింది. రాత్రినుంచి ఆయనకి పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని చెప్పింది. "దుప్పట్లు ఆరలేదని ఆపారటండీ. నిజమేనా, మమ్మల్ని ఏదో ఒకటి చెప్పి పంపుతున్నారా?"

"నిజమే."

"దుప్పట్లు ఆరకపోతే మా ఇంట్లో నిద్ర ఒక్కటే ఆగుతుంది. ఆపరేషన్లు కూడా ఆగుతాయని ఇప్పుడే వింటున్నాను." ఆమె గొంతులో కోపం లేదు. భర్త చెప్పులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి చేత పట్టుకుని ఉంది. "రేపు ఆరతాయా?"

"చూస్తాను" అంది స్టోరమ్మ.

స్టోరమ్మ వెళ్ళి సంగతి చెప్పాక పచ్చచుక్క సారు ఒప్పందం తెరిచి చూశాడు. ఉతికిన, మరకలు లేని, మడిచిన, కట్టకట్టిన దుప్పట్లు ఉదయం ఏడు గంటల లోపు. వేలితో వరసగా చూసుకుంటూ మళ్ళీ మొదటికి వచ్చాడు. "ఆరిన అని ఎక్కడా లేదేంటి?"

"ఆరకుండా ఎవరు తెస్తారని రాయలేదు సార్. ఇన్నేళ్ళలో ఆ మాట అవసరం పడలేదు."

"కాబట్టి కాగితం ప్రకారం ఆయన తప్పేం లేదు." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. రాత్రి నిద్ర లేనట్టుంది. పైవాళ్ళు అడిగిన లెక్కలు ఒళ్ళో ఉన్నాయి. "ఈ నెల మన ఆసుపత్రి లాండ్రీ మార్కులు మెరుగయ్యాయి, తెలుసా?"

"తడివి వెనక్కి పంపి, ఆరాక తెమ్మంటే?"

"ఆలస్యమవుతుంది. ఎరుపు పడుతుంది. మూడోది."

"ఆలస్యం చెయ్యమని మనమే చెబితే?"

"మనవైపు కారణమైతే పసుపు పడుతుంది. ఆయనకేం కాదు. కానీ చెప్పినవాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవాలి." అతను గొంతు తగ్గించాడు. "మేడమ్, సంతకం తడి ఆరలేదు. అప్పుడే ఆయనకి మినహాయింపు ఇచ్చారంటే ఏమనుకుంటారు? అన్నయ్యే అని రాసింది నిజమే అనుకుంటారు. మిమ్మల్ని స్టోర్సు నుంచి తప్పించి విచారణ పెడతారు. నేను ఆపలేను."

"మీరు ఆపుతారని నేను అనుకోలేదు సార్" అంది. అది దెప్పిపొడుపు కాదని అతనికీ తెలిసింది.

మధ్యాహ్నం ఆమె గొడుగేసుకుని లాండ్రీకి వెళ్ళింది. ఆవిరికి గోడలు చెమర్చి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఒక దుప్పటి చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడి దులిపి, దగ్గరికొచ్చి మడిచి, మళ్ళీ దూరం జరుగుతున్నారు. ఆరబెట్టే మిషను పెద్దగా చప్పుడు చేస్తోంది. లాండ్రీ ఆయన బాయిలరు ముందు తడి కట్టెలు ఏరి పక్కకి వేస్తున్నాడు. ఆమెని చూసి లేచాడు.

"మీరిక్కడికి రాకూడదు మేడమ్."

"తడివెందుకు తెచ్చారు?"

"టైముకి తెచ్చాను."

"అన్నీ తడివే."

"ఏది ముందు కావాలని రాత్రి అడిగాను. జవాబు రాలేదు. ఏది ముందో తెలీకపోతే అన్నిటినీ తలా కాసేపు మిషన్లో తిప్పడమే." చేతులు తుడుచుకున్నాడు. "కొన్ని తెచ్చి కొన్ని ఆపితే ఎరుపు. అన్నీ ఆపితే ఎరుపు. తడివి తెస్తే పచ్చ. నాకు మాత్రం సరదానా? సిస్టరుగారి మొహం చూడలేక బండి దిగలేదు."

మడత పెడుతున్న ఇద్దరూ చేతులు ఆపి ఇటే చూస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు తిరగ్గానే మళ్ళీ మొదలుపెట్టారు.

"రేపు తుంటి ఆపరేషనుంది" అంది స్టోరమ్మ. "థియేటరువి బాగా ఆరబెట్టండి. ప్రసూతివి తరవాత. ఎంత ఆలస్యమైనా పరవాలేదు."

"రాసిస్తారా?"

అలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఆయన కూడా అడిగాక నేల చూపులు చూశాడు. ఆమె సంచిలోంచి కాగితం తీసి, ఇస్త్రీ బల్ల మీద పెట్టి రాసింది. ఆరిన తరవాతే తెమ్మని తానే చెప్పినట్టు, ఆలస్యానికి బాధ్యత తనదేనన్నట్టు. కింద సంతకం. ఈ వారంలో రెండోది.

ఆయన కాగితాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుని చదివాడు. చదవడం అయ్యాక కూడా కాసేపు అలాగే పట్టుకున్నాడు. తరవాత నాలుగు మడతలు పెట్టాడు, దుప్పటి మడిచినట్టు అంచులు కలిపి. ఆమె ముందుకి చాపాడు.

"ఇది నా దగ్గరుంటే ఎప్పుడో ఒకప్పుడు చూపిస్తాను. ఎరుపు పడ్డాక మనిషి బుద్ధి ఎటు పోతుందో చెప్పలేం. నువ్వే ఉంచుకో చెల్లెమ్మా."

"మరి ఎరుపు?"

"పడితే పడనీ. థియేటరువి ముందు అన్నావు. అంతేగా?"

"అంతే."

ఆమె కాగితం తీసుకుంది. మిషను దగ్గరున్న ఆవిడ తలుపు తీసి వేడి దుప్పట్లు గంపలోకి లాగింది. ఆయన అటు వెళ్ళిపోయాడు.

మర్నాడూ వాన ఆగలేదు. స్టోరమ్మ గొడుగు పట్టుకుని గేటు పక్కన వాచ్‌మన్ గదిలో నిలబడింది. ఏడు దాటింది. వాచ్‌మన్ ఆమెకి తన స్టూలు ఇచ్చి తాను గోడకి ఆనుకున్నాడు. తనిఖీ వాళ్ళకి ఆ మాట చెప్పినప్పటినుంచి ఆమె కంట పడకుండా తిరుగుతున్నాడు. ఇవాళ తప్పలేదు.

"అమ్మా, నిజంగా అన్నయ్య కాదా?"

"కాదు."

"మరి ముక్కు ఒకేలా ఉంటుందే ఇద్దరికీ."

"నీదీ అలాగే ఉంటుంది. నువ్వూ నా తమ్ముడివేనా?"

అతను ముక్కు తడుముకున్నాడు. "నా వల్లే గదమ్మా ఇదంతా."

"నువ్వు మంచి మనిషి అని కూడా అన్నావట. అది ఎవరూ రాసుకోలేదు" అంది.

ఎనిమిదిన్నర కావస్తుండగా బండి మలుపు తిరిగింది. గేటు ముందు ఆగింది. ముందు సీట్లో లాండ్రీ ఆయన తిన్నగా చూస్తూ కూర్చున్నాడు. అద్దం మీద వైపరు అటూ ఇటూ ఊగుతోంది. ఆయన దిగలేదు, ఇటు తిరగలేదు. స్టోరమ్మ వెనక్కి నడిచి, టార్పాలిన్ కింద చెయ్యి దూర్చి, పైనున్న కట్టని వెతికింది. థియేటరుది. మడత మధ్యలో వేళ్ళ వెనకవైపు ఆనించింది. వెచ్చగా ఉంది. ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది.

తిరిగి వచ్చేసరికి గేటు మిషను మోగుతోంది. ఆలస్యానికి కారణం చెబితే గాని కడ్డీ లేవదు. వాచ్‌మన్ చదివాడు. "బండి చెడిపోవడం, కాంట్రాక్టరు నిర్లక్ష్యం, మనవైపు కారణం. ఏది నొక్కమంటారు?"

"వాన లేదా?"

"వాన లేదమ్మా ఇందులో."

"మూడోది నొక్కు."

నొక్కాడు. ఏమిటా కారణమో రాయమంటూ కింద గడి తెరుచుకుంది. పక్కన చెప్పినవారి ఉద్యోగ సంఖ్య అడిగింది. ఆమె అతన్ని పక్కకి జరగమని, సంఖ్య కొట్టి, గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. 'దుప్పట్లు బాగా ఆరబెట్టిన తరవాతే తీసుకురమ్మని కాంట్రాక్టరుకి నేనే చెప్పాను.'

మిషను మళ్ళీ మోగింది.

"అక్షరాలు ఎక్కువయ్యాయంటోంది" అన్నాడు వాచ్‌మన్.

ఆమె ఒక్కొక్కటీ చెరిపింది. దుప్పట్లు పోయాయి. కాంట్రాక్టరు పోయాడు. 'నేనే' కూడా పోయింది. చివరికి ఒక్క మాట మిగిలింది: 'ఆరబెట్టమన్నాను.' మిషను ఊరుకుంది.

వాచ్‌మన్ వంగి చూశాడు. "ఎవరన్నారో ఇందులో లేదేంటమ్మా?"

"ఉంది. చివర చూడు."

అతను తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "ఆర... బెట్ట... మన్నా..." వేలు చివరి అక్షరం మీద ఆగింది. "ను."

"నొక్కు" అంది స్టోరమ్మ.

నొక్కాడు. చుక్క పసుపు రంగుకి మారింది, కడ్డీ లేచింది. బండి లోపలికి కదిలింది. ఆమె గొడుగు తెరిచి, థియేటరు కట్ట తడవకుండా దాని మీదికి చాపి, బండి వెనకే నడిచింది.